శేషం లేని రోజు

మా అమ్మ నెంబరు మూడు లక్షల తొంభై ఒక్క వేల తొమ్మిది వందల ముప్పై తొమ్మిది. చిన్నపిల్లగా చెరకుతోటల కూలీల ఓడ దిగినప్పుడు ఇచ్చిన టిక్కెట్టు మీద ఉండేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

ఓడల్లో కలిసి వచ్చినవాళ్ళకు ఒక ఆచారం ఉండేది. మనిషి జబ్బు పడితే, అది ఎన్నో రోజో ఆ అంకెతో అతని నెంబరును భాగించాలి. శేషం మిగలని రోజునే రోగిని గడప దాటించాలి. లేకపోతే రోగశేషం వెంట వస్తుందట! చాలామంది నెంబర్లు రెండో రోజో మూడో రోజో తెగిపోయేవి, అందుకే ఆచారం మంచిదే అనిపించుకుంది.

చెరకు నరికే రోజుల్లో అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మా ఊరు బాన్ అక్యూయ్ నుంచి సాంత్ర్ ద ఫ్లాక్ పట్నంలోని ఆసుపత్రికి ఎడ్లబండి మీద వెళ్ళాలి. మర్నాడు పొద్దున్నే నాయన నా చేతిలో పలక పెట్టాడు. పిల్లలకు ఎక్కాలు చెప్పే పంతుల్ని నేనే మరి.

"ఎంత మిగిలిందిరా?"

"ఒకటి."

"అయితే నేడు కాదు."

మూడో రోజూ ఒకటే. నాలుగో రోజు మూడు. ఐదో రోజు నాలుగు. అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి, మమ్మల్ని పోల్చుకోవడం మానేసింది. ఆరు, ఏడు, ఎనిమిది, దేనికీ లొంగలేదు ఆ మాయదారి నెంబరు. ఏ అంకెకూ తెగని సంఖ్యలు కొన్ని ఉంటాయి, ప్రధాన సంఖ్యలంటారు. ఇది వాటిలోదేనని నాకు అనుమానం వచ్చింది.

"నాయనా, ఇది ఎప్పటికీ తెగదు. బండి కట్టు."

"నోర్ముయ్! నీ సదువు నా కాడ సూపించకు. తెగే రోజు వస్తాది."

ఇరవై రెండేళ్ళవాణ్ణి, బండి నేనే కట్టవచ్చు. కట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఆ శేషమంటే నాకూ భయమే.

తొమ్మిదో రోజు ఏడు మిగిలింది. అరచేత్తో దాన్ని తుడిచేసి, "తెగింది నాయనా" అన్నాను. ఆయన పరుగున పోయి ఎడ్లను కట్టాడు.

ఆసుపత్రి మెట్ల మీదే కాంపౌండరు అమ్మ చెయ్యి పట్టి చూశాడు. "త్రో తార్" అన్నాడు, మించిపోయిందని. మొదట్లోనే తెచ్చి ఉంటే మందు పనిచేసేదట. అమ్మ ఆ సాయంత్రమే పోయింది.

నాయన నా భుజం పట్టుకుని, "తెగిన రోజునే తెచ్చినాం గదరా, మరెందుకు పోయింది?" అని అడిగాడు.

అప్పుడు తట్టింది నాకు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఒకటితో భాగిస్తే ఏ నెంబరుకూ శేషం మిగలదు. ఆయన ఆచారం ప్రకారమే అమ్మను మొదటి రోజే తీసుకెళ్ళి ఉండవచ్చు. ఒకటితో భాగించాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆయన బతికినన్నాళ్ళూ అదే ప్రశ్న అడిగాడు. నేను తుడిచేసిన ఏడు సంగతీ, ఆ ఒకటి సంగతీ ఆయనకు తెలియనివ్వలేదు.