పుంగనూరులో ఆకాశం ఆకుపచ్చ

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ జాబితా రాసే జబ్బుండేది. (ఇప్పుడు తగ్గిందని కాదు, అప్పట్లో సిగ్గులేకుండా నలుగురికీ చూపించేవాణ్ణి.) మదనపల్లెలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో, పాత టీవీ గేము మిషనును ఎఫ్‌పీజీఏ బోర్డు మీద మళ్ళీ పుట్టించడమే నా ప్రాజెక్టు అని రాసిచ్చాను. ఎఫ్‌పీజీఏ అంటే ఏమీ రాయని పలకలాంటి చిప్పు. మనం ఏ సర్క్యూట్ రాసి ఎక్కిస్తే అది అయిపోతుంది. దానికి నలభై రెండు అంశాల జాబితా జతచేసి, అడుగున ఇలా రాశాను: "అసలు మిషనుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా ప్రాజెక్టు తప్పినట్టే." ఎవరూ అడగలేదు. అయినా రాసి, కింద రెండు గీతలు గీశాను.

అసలు మిషనంటే నా లెక్కలో ఒక్కటే, పుంగనూరులో మా చిన్నాయన అంగట్లోది. ఆయన రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. అంగడి ముందు భాగంలో ఒక టీవీ, దానికి గేము మిషను పెట్టి బడిపిల్లల్ని ఆడించేవాడు. నేను ఐదో తరగతి నుంచి ఎనిమిది దాకా ఆడింది తక్కువ, వంతు కోసం నిలబడి చూసింది ఎక్కువ. అందుకే ఆ తెర నాకు కంఠతా వచ్చు. ఆకాశం ఆకుపచ్చ, మేఘాలు పసుపు, నీళ్ళు తారులాగా నలుపు. ఎవరైనా వంతు దాటి ఆడితే చిన్నాయన లోపలినుంచే "ఇంక లెయ్యప్పా, ఎనకోడు నిలబడుండాడు" అనేవాడు. తర్వాత మిషను కాలిపోయింది, టీవీ పాతసామాన్లకు పోయింది, చేత్తో పట్టుకునే జాయ్‌స్టిక్ ఒక్కటి మిగిలింది.

ఇంటర్నెట్ సెంటర్లో ఆ మిషను రంగుల పట్టిక దొరికింది. అందులో ఆకాశం లేత నీలం, మేఘాలు తెలుపు, నీళ్ళు ముదురు నీలం అని ఉంది. ఎవరో పొరపాటు పడ్డారని జాలిపడి దిద్దాను. టీవీలో ఏ రంగైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వాటాలు కలిపిందే; ప్రతి రంగులోనూ నీలం వాటా సున్నా చేస్తే, ఆకాశం, మేఘాలు, నీళ్ళు మూడూ నా జ్ఞాపకంతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. కోడులో ఒక్క లైనుతో అంత చక్కగా కుదిరినప్పుడు అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

ప్రాజెక్టులో నాకు తోడు కుప్పం కుర్రాడు. "ఒరే, మా అత్తోళ్ళింట్లో ఇదే ఆట ఆడినాను. ఆకాశం నీలంగానే ఉండె" అన్నాడు.

"మీ కుప్పంలోది నకిలీ మిషను అయ్యుంటుంది."

"మా ఊర్లో తలపైకెత్తినా నీలంగానే ఉండాది. అదీ నకిలీదేనా?"

నేను జాబితాలో 'రంగులు' అనే ఇరవై ఆరో అంశం పక్కన టిక్కు పెట్టాను.

పరీక్ష రోజు చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, జాయ్‌స్టిక్‌ను టవల్లో చుట్టుకొని బస్సులో వచ్చాడు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి దాన్ని అందుకొని ఆటలో రెండు గోడలు దూకి ఆగాడు.

"మా అబ్బాయి ఇదే ఆడతాడు. ఆకాశం ఇలా ఉందేం?"

"అసలు మిషనులో అంతే సార్. నాలుగేళ్ళు చూశాను. సాక్షి కూడా ఉన్నారు" అని తలుపు దగ్గరున్న చిన్నాయనను చూపించాను.

"అవును సార్, మా అంగట్లో ఇట్లే ఉండె" అన్నాడు చిన్నాయన. నేను కుప్పం వాడి వైపు తిరిగి కనుబొమ్మలెగరేశాను. చిన్నాయన ఇంకా ముగించలేదు. "టీవీలో నీలం పోయుండె గదా సార్."

నేను చిన్నాయన వైపు తిరిగాను.

"యాల చెప్పలేదు చిన్నాయనా?"

"నువ్వు యాల అడగలేదు? టీవీలు రిపేరి చేసేవాణ్ణి, నా టీవీనే చెడిపోయుండాదని నేనే చాటుకోవాల్నా?"

పరీక్షాధికారి నా జాబితా తిప్పి, అడుగున రెండు గీతల మీదున్న వాక్యాన్ని పైకి చదివాడు. "నువ్వే రాశావు కదా. మరి తప్పినట్టేనా?" నాకంటే ముందు కుప్పం వాడే నోరు తెరిచాడు. "సార్, మీరు భోంచేసి వచ్చేలోగా దిద్దుతాము."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నీలాన్ని సున్నా చేసిన ఆ ఒక్క లైను కొట్టేస్తే చాలు. చెయ్యి రాలేదు. బదులుగా దాన్ని బోర్డు మీదున్న చిన్న స్విచ్చుకు తగిలించాను, పైకి ఉంటే నీలం, కిందికి ఉంటే సున్నా. సర్క్యూట్ తయారవడానికి ముప్పావుగంట. కరెంటు పోతే పని మళ్ళీ మొదటికొస్తుంది, బోర్డు కూడా ఎక్కించినదంతా మరిచిపోతుంది కాబట్టి ముగ్గురమూ ల్యాబు ఫ్యానునే చూస్తూ కూర్చున్నాం. అది తిరుగుతూనే ఉంది. పరీక్షాధికారి వచ్చి, నీలాకాశం కింద నాలుగు గోడలు దూకి, సంతకం పెట్టి వెళ్ళాడు.

చిన్నాయన తెర వైపు చూశాడు. "బాగుండాదిలే. మనది మాత్రం కాదప్పా."

నేను స్విచ్చు కిందికి జరిపాను. ఆకాశం ఆకుపచ్చగా మారింది. ఆయన కుర్చీ లాక్కొని జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. అన్నేళ్ళూ మమ్మల్ని ఆడించడమే తప్ప ఆయన ఆడగా నేనెప్పుడూ చూడలేదు. మొదటి గోడకే పడ్డాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి కుప్పం వాడే "పెద్దాయనా, ఇంక లెయ్యండి, ఎనక మేముండాము" అనాల్సి వచ్చింది.

ఇప్పుడు నా బల్ల మీద అంతకన్నా మంచి బోర్డుంది. జాబితాలో నలభై మూడో అంశంగా ఆ స్విచ్చూ చేరింది, అది ఎప్పుడూ కిందికే ఉంటుంది. నీలం లేని ఆకాశం కింద ఎంతసేపు కూర్చున్నా నన్ను లెయ్యమనేవాళ్ళు లేరు. అసలు మిషనుకూ దీనికీ మిగిలిన తేడా అదొక్కటే. జాబితాలో ఇంకా రాయలేదు.