సాక్ష్యం కోసం చేయించుకున్న పరీక్ష

మే నెల, సోమవారం ఉదయం ఆరు నలభైకి అమీర్‌పేట మెట్రో మెట్లు దిగాను. నేను రిటైర్డ్ హవల్దార్‌ని. పదిహేడేళ్ళ సర్వీసు, అందులో రెండేళ్ళు రాజస్థాన్ ఇసుకలో. కొత్త పోస్టింగు ఆరంతస్తుల కోచింగ్ సెంటర్ల బిల్డింగులో. సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. డ్యూటీ ఏడు నుంచి ఏడు. కిట్టులో చొక్కాలు రెండు, దళసరి ప్యాంటు ఒకటి, బెల్టు, విజిల్, వాకీటాకీ. రెండో ప్యాంటు వచ్చే నెల ఇస్తామన్నారు. ఆ వచ్చే నెల రానే లేదు.

మా బంకరు సెల్లార్లో ఉంది. జెనరేటర్ పక్కన కిటికీ లేని గది. ఐదుగురం. చెమటకు తడిసిన ప్యాంట్లు, తువ్వాళ్ళు ఒకే తాడు మీద వేసేవాళ్ళం. ఆరేవి కావు. తడిగానే తొడుక్కుని గేటుకు పోయేవాళ్ళం.

రెండో వారంలో గజ్జల్లో దురద మొదలైంది. సివిలియన్లకు తుపాకీ దెబ్బల గురించి చెబితే నోరు తెరుచుకుని వింటారు, దీని గురించి చెబితే మొహం తిప్పుకుంటారు. తిప్పుకోండి, నాకేం. ఎర్రగా, గుండ్రంగా, అంచు లేచిన మచ్చలు. నాలుగో రోజుకు మర్మాంగం దాకా పాకాయి.

"సార్, గేట్ వన్. బండ్లు ఇరుక్కున్నయ్, జల్ది రండి," అని వాకీటాకీ అరిచేది.

"రెండు నిమిషాలాగు," అనేవాణ్ణి. పార్కింగు స్తంభం వెనక గోక్కుంటూ ఉండేవాణ్ణి మరి.

లిఫ్టు నడిపే భాయ్ కనిపెట్టేశాడు. డ్యూటీ రిజిస్టరు వెనక నుంచి ఒక తెల్ల ట్యూబు తీశాడు. "జర గిది పూస్కో హవల్దార్ సాబ్. రెండు దినాల్ల గాయబ్."

"ఏం మందు భాయ్ గిది?"

"పేరుతోని ఏం పని? మేమందరం గిదే పూస్తున్నం. ఫికర్ వద్దు."

నిజంగానే రెండు రోజుల్లో మాయమైంది. ఆపిన వారానికి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్ళీ పూశాను. అలా జూన్ అంతా గడిచింది.

జూలై మొదటి వారంలో, పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ సుజాత మెల్లగా అంది, "నాకు సుత దురద పెడుతుంది. తెల్లబట్ట అయితుంది. ఎవరికన్న చూపించుకుంటే మంచిగుంటదేమో."

నేను ఏ తప్పూ చేయలేదు. కాబట్టి తప్పు ఆమెదే. ఇంతకంటే ఆలోచన అక్కర్లేదనుకున్నాను. ఆమె ఎర్రమంజిల్ క్వార్టర్సులో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఎవడి దగ్గర తెచ్చావో చెప్పమన్నాను. ఇంకా చాలా మాటలన్నాను, ఇక్కడ రాయలేను. ఆమె ఖాళీ టీ గ్లాసు తీసుకుని వంటగదిలోకి పోయింది.

ఆ రోజు నుంచి ఆమె చేతి వంట ముట్టలేదు. పదకొండు రోజులు అమీర్‌పేట బండి మీద ఇడ్లీలే తిన్నాను. ఆమె పప్పు ఉడికించి గిన్నె నా ముందు పెట్టేది, నేను కాలితో పక్కకు నెట్టేవాణ్ణి. వీక్లీ ఆఫ్ రోజు ఎర్రమంజిల్ బస్టాపులో తొమ్మిదింబావు నుంచి పన్నెండున్నర దాకా కాపు కాశాను. పన్నెండూ పదికి కూరగాయల సంచితో బయటికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. తల వంచుకుని నడిచిపోయింది. ఇంత జాగ్రత్తగా ఉందంటే ఏదో ఉన్నట్టే అని పళ్ళు కొరుక్కున్నాను.

ప్లాను సిద్ధం చేశాను. పరీక్ష చేయించుకోవాలి. రోగం పేరు కాగితం మీద పడాలి. ఆ కాగితం తీసుకెళ్ళి పెద్దమనుషుల్లో పెట్టాలి. ఆమెను పుట్టింటికి పంపి, బోరబండలో మా గల్లీ గల్లీకి తెలిసేలా చేయాలి. వాళ్ళన్నకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను. "మీ చెల్లె ముచ్చట నీ ముందట్నే తేల్చుకుంట," అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఎంత హాయిగా ఉందో దాచను.

గురువారం పంజాగుట్టలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే చెప్పాను, "నా భార్య నాకు అంటించింది మేడమ్. రుజువు కావాలె."

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని మచ్చలు చూసింది. అంచు దగ్గర చర్మాన్ని కొంచెం గీకి గాజు పలక మీద వేసింది. "ఏం పూశారు దీనికి?"

ట్యూబు సంగతి చెప్పాను.

"మీతో పనిచేసేవాళ్ళకు కూడా ఉందా?"

"అందరికీ ఉంది మేడమ్." నోరు జారాక కానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇది తామర లాగే ఉందండి. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుంది. దురద అణుగుతుంది, లోపల తామర పెరుగుతుంది. తడి బట్టలు, ఒకే తువ్వాలు, పక్కన పడుకోవడం, వీటితో ఇంకొకరికి అంటుకుంటుంది. దురద ఒక్కటే చూసి ఎవరి మీదా నేరం మోపలేం. గజ్జి కావచ్చు, సబ్బు పడకపోవచ్చు, షుగర్ ఉండొచ్చు, లైంగిక జబ్బు కూడా కావచ్చు. పుండు, పొక్కులు, చీము, మూత్రంలో మంట ఉన్నా, రెండు వారాలకు తగ్గకపోయినా, ఇంట్లో ఇంకొకరికి వచ్చినా పరీక్షకు రావాలి. మీరు రెండు నెలలు ఆగారు."

"అయితే ఆ లైంగిక జబ్బుల టెస్టులు సుత రాయండి."

"రాస్తాను. కానీ అవి ఉన్నట్టు తేలినా, ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఆ కాగితం చెప్పదు."

శనివారం రిపోర్టులు చేతికొచ్చాయి. లైంగిక జబ్బులు ఏవీ లేవు. తామర ఉంది. షుగర్ బాగా ఎక్కువగా ఉంది, నాకు అప్పటిదాకా తెలియదు. షుగర్ ఉంటే ఇలాంటి ఫంగస్ తొందరగా వదలదని, మా ఆవిడకూ పరీక్ష చేయించి ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయాలని డాక్టరమ్మ అంది. అక్కణ్ణుంచి నేరుగా సెల్లారుకు పోయి భాయ్ ట్యూబును బూటు కింద తొక్కి నలిపేశాను. అంత కోపం చల్లారడానికి ఆ ట్యూబు సరిపోలేదు.

ఆదివారం బావమరిది వచ్చాడు. కాగితం అతని చేతికిచ్చి, తప్పు నాదేనని చెప్పాను. అతను రెండుసార్లు చదివాడు.

"పగ తీర్చుకుంటనని పిలిచినవ్ బావా. ఇప్పుడు ఎవరి మీద తీర్చుకుంటవ్?"

సుజాత వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

దసరాకు ముందు కిట్టు అప్పజెప్పి ఆ పోస్టింగు వదిలేశాను. మచ్చలు పోయాయి. షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను. ఆమె ఇప్పుడు మాట్లాడుతుంది, అవసరం ఉన్నంత వరకే.

పోనిది ఒకటుంది. ఆ ఆదివారం మర్నాడు ఆమెను పంజాగుట్ట తీసుకెళ్ళాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా అని డాక్టరమ్మ అడిగింది. "వస్తే ఈయన అన్నది నేను ఒప్పుకున్నట్టయితది కదా మేడమ్. అందుకే ఓర్చుకున్న," అంది సుజాత. చేతులు చూపించమంటే బల్ల మీద పెట్టింది. గోక్కోకుండా ఉండాలని పది వేళ్ళకూ గోళ్ళు మాంసం దాకా కత్తిరించుకుంది. రెండు వేళ్ళ కొసల్లో నెత్తురు గడ్డకట్టి ఉంది.