డ్యూటీ అయ్యాక చేసే పని

ఎల్‌బీ నగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో, డాక్టరు ఇంటికి వెళ్లమన్నాక కూడా బిల్లూ మందులూ తేలక రోగులు సాయంత్రం దాకా మంచం మీదే కూర్చునేవారు. ఆ ఆలస్యం తగ్గించే బాధ్యతను మా హెడ్ నర్సు తీసుకుంది. తన డ్యూటీ ముగిశాక మందుల కౌంటరుకీ బిల్లింగుకీ నడిచి వెళ్లి, "ఏడిదాక ఒచ్చింది?" అని అడిగేది. "ఒచ్చిందిరా పోలీసక్క!" అని ఒకరితో ఒకరు నవ్వుతూనే ఆ కౌంటర్లవాళ్లు పని కదిలించేవారు.

మొన్న వేసవిలో ఆమె గుండెపోటుతో పోయింది. తర్వాత ఈ పని కోసం మేం, ఆ కౌంటర్లవాళ్లు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఏది అడిగినా అందరూ బొటనవేలు గుర్తు పెడతారు. రోగులు మళ్లీ సాయంత్రం దాకా కూర్చుంటున్నారు.

దీన్ని మొదటినుంచి చివరిదాకా వెంటపడి చూసే ప్రాజెక్ట్ మేనేజర్‌ను పెట్టమని, ఆసుపత్రి నడిపే మా పెద్దాయనను అడిగాను.

"మన లోపలి పనికి బయటి మనిషి ఎందుకండీ? ఆవిడ చేసింది కదా, ఇంకో నర్సు చేస్తుంది," అన్నారు.

"ఆమె ఇంటికి పోయే టైంల చేసింది సార్. బయటోళ్లే కావాలని నేనంటలేను. ఇదొక్కటే పనిగా ఉన్న మనిషి కావాలె."

రాసి పంపమన్నారు. పంపాను. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. చివరికి ఆయన నుంచి కూడా బొటనవేలు గుర్తే వచ్చింది. అన్నం ముందు కూర్చోలేకపోయాను.

తెల్లారి డ్యూటీ ఎక్కకముందే ఆయన గది తలుపు దగ్గర నిలబడి అడిగాను: "ఏడిదాక ఒచ్చింది సార్?"