పుట్టబోయేవాళ్ళ తరఫున మాట్లాడిన మా అత్త

మా అత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను విరుదునగరంలో పప్పుమిల్లు ఆఫీసులో పని చేసుకుంటున్నాను. "పాపా, అమ్మ పోయింది. పొద్దు గూకేలోపల ఎత్తేస్తాము, వచ్చేయి" అన్నాడు. ఎట్లా పోయిందని అడిగేలోపే ఫోను పెట్టేశాడు.

ఆమె మా నాన్నకు అక్క. ఎట్టయాపురం వైపు ఒక మెట్టపంటల ఊళ్ళో ఉండేది. కొన్నేళ్ళు ఆ ఊరికి ప్రెసిడెంటు. ఆమె గురించి పేపరువాళ్ళు రాయరు, ఊరివాళ్ళు మంచిగా చెప్పరు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

తొంభైలలో ఆ పదవిని ఆడవాళ్ళకు కేటాయించినప్పుడు ఊరి పెద్దలే ఆమెను పోటీ లేకుండా నిలబెట్టారు. మొగుడు లేని మనిషి, మినప చేలో కూలికి పోయే మనిషి, పెట్టమన్న చోట సంతకం పెడుతుందనుకున్నారు. మేమప్పుడు కోవిల్‌పట్టిలో ఉండేవాళ్ళం. పంచాయతీ యూనియన్ ఆఫీసులో మీటింగు ముగిసిందంటే అత్త నేరుగా మా ఇంటికి వచ్చేది. కడలై మిఠాయి పొట్లం విప్పి, ఆ వేరుశనగల అచ్చును పచ్చడి బండతో పగలగొట్టి, అందరికన్నా పెద్ద ముక్క అందరికన్నా చిన్నవాళ్ళకిచ్చేది. మీటింగులో కూర్చోనిచ్చారా అని నాన్న అడిగితే, "నిలబడే మాట్లాడినాను తమ్ముడూ. కూర్చున్నోళ్ళ మాట ఎవురికీ వినపళ్ళేదులే" అని నవ్వేది.

ఊరికి తూర్పున పోరంబోకులో రాతి క్వారీ ఉంది. కాంట్రాక్టరు సర్కారుకు కట్టే సొమ్ములో పంచాయతీకి వాటా వస్తుంది. అంతవరకూ చాలా తక్కువ వచ్చేది. ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగి, రావలసిన వాటా మొత్తం రప్పించింది. గొడవ అక్కడే మొదలైంది.

ఆ గ్రామసభ జరిగిన రోజు నేను సెలవులకు వాళ్ళింట్లోనే ఉన్నాను. స్కూలు ముందు అందరూ చేరారు. ఊరి మొదట్లో ఆర్చి కట్టాలన్నారు, కల్యాణ మండపం కట్టాలన్నారు, పండక్కి ఇంటింటికీ ఇత్తడి బిందె పంచాలన్నారు. అత్త కొంగు నడుముకు దోపుకొని లేచింది.

"ఆ గుంత లోతయ్యే కొద్దీ మన బాయి నీళ్ళు దాంట్లోకి దిగిపోతాయి. పక్కూర్లో అట్లే అయింది, మీరూ చూసినారు. ఇప్పుడే దూరం నుంచి పైపు లాగేస్తాము. మిగిల్నది బ్యాంకులో ఉండనీండి" అంది.

"నీ అబ్బ సొత్తా, దాచిపెట్టేదానికి?" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"నా అబ్బ సొత్తయితే ఇప్పుడే నీ చేతిలో పెట్టేద్దును. రాయి ఒక తూరి పోతే మళ్ళీ మొలిచేది కాదు. పుట్టబోయేటోళ్ళకీ దాంట్లో బాగముండాది. వాళ్ళు గ్రామసబకి రాలేరు కదా, వాళ్ళ తట్టు ఒకరన్నా మాట్లాడల్ల."

జనం గొల్లున నవ్వారు. "పుట్టనోళ్ళకి వకీలమ్మ" అని అప్పుడు పెట్టిన పేరు చివరిదాకా పోలేదు. వార్డు మెంబర్లు పైపుకు ఒప్పుకోలేదు. ఆమె ఆర్చికి సంతకం పెట్టలేదు. పదవి ముగిసేదాకా సొమ్ము అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఎన్నికలకు ముందే కాంట్రాక్టరు మా బావకు టిప్పర్ డ్రైవరు పని ఇచ్చాడు. "ఊరంతా ఒక తట్టు ఉంటే నువ్వు మాత్రం ఏలమ్మా ఇంకో తట్టు? నాకూ పిల్లకాయలుండారు" అన్నాడట బావ. ఓట్ల రోజు తన అమ్మకు ఎదురు నిలబడినామె తరఫున వ్యాను తోలింది కూడా అతనే. అత్త చిత్తుగా ఓడింది. ఆమె గుమ్మం ముందరే సరవెడి టపాకాయలు పేల్చారు. ఆ పొగలోనే అత్త కొడుకుకు అన్నం పెట్టింది. అతను తలెత్తకుండా తిన్నాడు. "ఇంకొంచెం పులుసు పోస్తునా?" అని మాత్రం అడిగిందట.

ఆర్చి లేచింది. మండపం లేచింది. బిందెలు పంచారు. అత్తకివ్వలేదు.

ఆ తర్వాతి ఏళ్ళలో ఆమె చెప్పినట్టే అయింది. క్వారీ అడుగుకు దిగేకొద్దీ బావులు ఒకటొకటిగా ఎండాయి. గుంతలో ఊరిన నీళ్ళను కాంట్రాక్టరు మోటారుతో తోడించి, ట్యాంకర్లో తెచ్చి, ఆ ఊరికే అమ్మేవాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం అత్తను చూడడానికి వెళ్తే ఆమె ట్యాంకరు దగ్గర వరసలో ఉంది. నేను పక్కన నిలబడ్డాను. ఊరివాళ్ళు ఇప్పుడైనా ఆమెను ఒప్పుకుంటారని నా మనసులో ఉండింది.

ముందున్న ఒకామె వెనక్కి తిరిగింది. "నీళ్ళు పోతాయి పోతాయి అని సబలో నిలబడి సాపం పెట్టింది నువ్వే కదా? నీ నోరే తగిలింది ఈ ఊరికి" అంది. ఇంకొకామె అత్త నీళ్ళ కొడమును కాలితో నెట్టింది. ప్లాస్టిక్ కొడము దొర్లుకుంటూ మురుగుకాలవలో పడింది. ఒక్కరూ వద్దనలేదు. ట్యాంకరు మీద గొట్టం పట్టుకొని నిలబడింది మా బావే. అతనూ కిందికి దిగలేదు.

నేను గొంతెత్తబోతే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక, "నువ్వు చెప్పిందే నిజమైంది కదత్తా, గట్టిగా అడగొచ్చు కదా?" అన్నాను.

"నిజం కాకుండా పోయుంటే బాగుండును పాపా. పిచ్చిదాన్నని నవ్వుకుంటా ఉందురు, బాయిలో నీళ్ళుండును" అంది. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. నాకు తినడానికి ఏమీ లేదే అని మాత్రం బాధపడింది.

ఆ సాయంత్రం బావ పెరటి వైపు నుంచి రెండు కొడాల నీళ్ళు తెచ్చి దించాడు. అత్త ఒకటి మోసుకుపోయి పక్కింటి బాలెంత గుమ్మంలో పెట్టి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు నీళ్ళు లోపలికి తీసుకున్నారు. ఆమెతో మాట్లాడలేదు.

గనుల సొమ్మును సర్కార్లు ఎట్లా ఖర్చు పెట్టాలో పెద్ద చదువులవాళ్ళు రాసినవి తర్వాత కొన్ని చదివాను. ఆమెకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. వాళ్ళు రాసినదాన్నే ఆమె తన ఊరివాళ్ళ ముందు నిలబడి చెప్పింది. ఆ తర్వాత వాళ్ళ మధ్యే బతకాల్సి వచ్చింది. ఆ రెండో పని ఎంత కష్టమో ఏ పుస్తకంలోనూ లేదు.

నేను చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. వచ్చింది కొద్దిమందే. జ్వరం ముదిరినా ఆసుపత్రికి రానన్నదని బావ చెప్పాడు. క్వారీలో అతనికి ఆ ఒక్కరోజే సెలవిచ్చారట.

శ్మశానానికి దారి క్వారీ రోడ్డు మీదుగానే. టిప్పర్లు వరసగా వస్తున్నాయి. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు బండి డ్రైవరు అతనితో కలిసి పనిచేసేవాడే. హారన్ కొట్టాడు, బండి ఆపలేదు. పాడె మోసేవాళ్ళు రోడ్డు దిగి తుమ్మచెట్ల పక్కన నిలబడ్డారు. బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే తెల్లటి రాతిపొడి లేచి అత్త ముఖం మీద పడింది. బావ భుజం మీది తువ్వాలు తీసి మెల్లగా తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ పడింది. మళ్ళీ తుడిచాడు. ఇంకా బండ్లు వస్తూనే ఉన్నాయి.