దిగని పోగులు

సిరిసిల్లలో నన్ను సాంచకు అదిమిపట్టి కొట్టారు. నేను చేయని తప్పుకు నా పళ్లు రెండు ఊడాయి, నా బామ్మర్ది కన్ను పోయింది.

సాంచ అంటే మరమగ్గం. అప్పటికి సగం సాంచలు ఆగిపోయి మావాళ్లు భీవండికీ దుబాయికీ పోతున్నారు. బామ్మర్దికీ వీసా వచ్చింది. విమానం ఎక్కేదాకా ఒక సేటు దగ్గర నేస్తున్నాడు. ఆ సేటు కంప్యూటరు చెప్పినట్టు పోగులు లేపే సాంచ కొత్తగా పెట్టాడు. నేను ఇంగ్లిషు డిక్షనరీ పక్కన పెట్టుకొని కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చినవాణ్ణి, అందుకే డిజైన్లు నాకప్పజెప్పాడు.

మా నేతపనిలో లేపే పోగులే కాగితం మీద రాస్తాం. రాయనిది కింద ఉన్నట్టే. నేను వాడిన లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాము, కూడా అంతే, పోగుకో గడి చొప్పున ఖాళీ గడులు వదిలేసి విలువ ఉన్నవే జాబితాగా దాస్తుంది. ఇది మా నేతగాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే అని మురిసిపోయాను. అంచులో పువ్వు తీసేయమన్నాడు సేటు. అంచు జాబితాలోంచి పువ్వు జాబితాను తీసివేశాను. తెర మీద పువ్వు పోయింది.

సాంచ మీద పోలేదు. పువ్వు లేదు కదా అని బిగించి కట్టిన పోగులు లేచి దిగలేదు; గుంజుకొని, తెగి, చిక్కుపడ్డాయి. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆ చిక్కుకు తగిలి ఎగిరి బామ్మర్ది కంట్లో దిగింది. సేటు మనుషులు ముందు రక్తం పడ్డ బట్ట కోసి పక్కన పెట్టారు, తర్వాత నా మీద పడ్డారు.

ఒంటికన్నువాణ్ణి దుబాయి పంపనన్నాడు జగిత్యాల ఏజెంటు. బామ్మర్ది కోరుట్లలో మా ఇంటికొచ్చి నా గల్లా పట్టి గోడకేసి గుద్దాడు.

"నన్ను పోనియ్యద్దనే గిట్ల చేసినవా బావా? చెప్పు. అక్క ముంగట్నే చెప్పు."

వారం రోజులు జాబితాను గడి గడీ విప్పి చూశాను. దొరికింది. ఒకటిలోంచి ఒకటి తీస్తే సున్నా రావాలి, వచ్చింది. ఆ సున్నాను కొట్టేయకుండా జాబితాలోనే ఉంచుకుంది ఆ లైబ్రరీ. జాబితాలో ఉన్నదల్లా లేపమని నేను రాశాను. ఏ నేతగాడైనా అట్లాగే రాస్తాడు. తెర సున్నాను ఖాళీగా చూపింది. సాంచ లేపింది.

లైబ్రరీ చేసినవాళ్లకు మూడుసార్లు రాశాను. కన్ను సంగతి కూడా రాశాను. తప్పు మీదేనని ఒక్క ముక్క రాయండి, బామ్మర్దికి చూపించుకుంటాను అన్నాను. ఏడాదికి ఇంగ్లిషులో జవాబొచ్చింది. బామ్మర్దిని కూర్చోబెట్టి తెలుగులో చదివాను:

"తీసివేతలో సున్నా వచ్చినా ఆ గడి జాబితాలోనే ఉంటుంది. వేగం కోసం కావాలనే అట్లా చేశాం. ఆ సున్నాను తుడిచేయడం లైబ్రరీ వాడేవారి పని. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."