ఎలుక కొరికిన పడుగు

నారాయణపేటలో ఇప్పుడు చేనేత నేర్పుతున్న ఆ రాతి బంగళా నా చిన్నప్పుడు మా హాస్టల్. మాకు వండిపెట్టే అవ్వ దాని వెనక గదిలోనే ఉండేది. అక్కడే నేల తవ్వి గుంట మగ్గం వేసుకుని, వంట పని తీరాక చీరలు నేసేది. మా వైపు పద్ధతి ప్రకారం ఒకే పడుగు మీద, అంటే ఒకసారి బిగించిన నిలువు పోగుల మీదే, ఎనిమిది చీరలు.

నేను బడి ఎగ్గొట్టి బావిలో ఈతకు పోతున్నానని ఆమె వార్డెన్ సారుకు చెప్పింది. దెబ్బలు బాగానే పడ్డాయి. ఆ కోపంతో, ఆమె కూరగాయలకు వెళ్ళినప్పుడు, పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతో పడుగులో గుప్పెడు పోగులు కోసేశాను. నేత ఇంట పుట్టినవాణ్ణి, తెలియక చేశాననడానికి లేదు.

సారు వచ్చి అడిగితే అవ్వ ఎలుక కొరికిందని చెప్పింది. ఆయన వెళ్ళాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బూడిద గిన్నె చేతికిచ్చింది. వేళ్ళకు బూడిద అద్దుకుంటూ తెగిన పోగులను ఒక్కొక్కటే అతికించింది.

"ఎలుక కొరికితే కొస పీచు లేస్తది బిడ్డా. గిది నున్నగున్నది. నేనైతే చెప్ప. జర ధైర్నం వచ్చినంక సారుకు నువ్వే చెప్పు."

ఆ ధైర్యం రాలేదు. మగ్గం ఉంటే ఎలుకలు చేరతాయని, పక్కనే బియ్యం గది ఉందని సారు దాన్ని తీయించేశారు. గుంట పూడ్చడానికి గంపలతో మట్టి మోసిన పిల్లల్లో నేనూ ఉన్నాను. అవ్వ వాకిట్లో బియ్యం ఏరుతూ ఒకసారి నా వైపు చూసి తల దించుకుంది. ఆ ఎనిమిది చీరలు ఏమయ్యాయో నేను అడగలేదు.

తర్వాత హాస్టల్ ఎత్తేశారు. బంగళా కొన్నాళ్ళు నూలు గోదాము అయింది, కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చారు. తెలంగాణ వచ్చాక మరమ్మతు చేసి మళ్ళీ మగ్గాలు పెట్టారు. మొన్న హాస్టల్ పాత విద్యార్థినని నన్ను పిలిచి, ఆ వెనక గదిలోనే నిలబెట్టి శాలువా కప్పారు. నా కాళ్ళ కింద నేల కొంచెం కుంగి ఉంది. రెండు మాటలు చెప్పమంటే అవ్వ వండిన పప్పు గురించి చెప్పి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

సారు లేరు, అవ్వా లేదు. నన్నే చెప్పమని ఆమె వదిలిన ఆ ఒక్క మాట చెప్పకుండానే ముసలితనం దాకా మోసుకొచ్చాను. ఇంటికి తెచ్చి మడిచి పెట్టిన శాలువా మళ్ళీ విప్పలేదు. వాళ్ళు దాన్ని కప్పింది ఆ ఎలుకకే.