నాణెం లేని సర్టిఫికెట్టు

నాణేలను పరీక్షించి, అవి అసలువేనని, ఏ స్థాయివో చెబుతూ ఇచ్చిన పాత సర్టిఫికెట్లను నేను సేకరిస్తాను. అలాంటిదొకటి అమ్ముతామని రేపల్లె నుంచి ఒకాయన ఫోన్ చేస్తే తెనాలిలో బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఆయన డ్యూటీలో ఉన్నారు, తల్లి చూపించింది. నాణెం ఎప్పుడో అమ్మేశారట. కాగితం మీద నాణెం ఫొటో ఉంది, దాని కింద యజమానిగా, చనిపోయిన ఆమె భర్త పేరు టైపు చేసి ఉంది. తొలినాళ్ల సర్టిఫికెట్టు అది. ఎన్నేళ్లుగానో వెతుకుతున్నాను.

దుకాణంలో పెరిగినవాణ్ణి కదా, బేరమాడే అలవాటుకొద్దీ నచ్చిన సరుకును ముందుగా తీసిపారేశాను.

"నాణెం లేకుండా ఈ కాగితం ఎవరిక్కావాలమ్మా? చిత్తుకాగితాల్లోకి కూడా పనికిరాదు."

ఆమె ముఖం తేటపడింది.

"నిజమేనా బాబూ? ఆయన పేరు అచ్చులో ఉన్నది ఇదొక్కటే. అమ్మేద్దామని మావాడు ఒకటే పోరు. ఆ ముక్కేదో వాడికి కూడా చెప్పు నాయనా," అని ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"ఏంటండి, ఎంతొస్తుంది?" అన్నారు కొడుకు.

అడిగినంతా ఇచ్చి తెచ్చుకుందామనే వచ్చాను. ఆమె కాగితాన్ని కొంగుతో తుడుస్తూ నా నోటివైపే చూస్తోంది.

"ఏమీ రాదండి. ఇంట్లోనే ఉంచుకోండి," అన్నాను.

నేను ఫోన్ తిరిగి ఇచ్చేలోపే ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.